బావ పాసైన పరీక్ష

జనవరి 8

డైరెక్టర్ గారు రెండో బ్యాచ్ పేర్లు నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాను. బావ ఉన్నాడు.

ఉంటాడని తెలుసు. డిపోలో డీజిలు బస్సులు పోయి బ్యాటరీ బస్సులు వస్తున్నప్పుడు, పాత మెకానిక్కులందరూ ఎప్పుడో ఒకప్పుడు మా శిక్షణ కేంద్రానికి రావాల్సిందే. దేశమంతటా అదే నియమం. శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై, సర్టిఫికెట్ తెచ్చుకోనివాళ్ళు ఏప్రిల్ నుంచి బస్సు మీద చెయ్యి వెయ్యకూడదు. ఇదంతా నేనే పది మందికి చెప్తుంటాను. కానీ బావకి పాఠం చెప్పేదీ నేనే, చివర్న పరీక్ష పెట్టేదీ నేనేనన్న సంగతి ఇంతవరకు ఎందుకో తట్టలేదు.

"ఆయన మా అక్క భర్త సర్. పరీక్ష ఇంకెవరికైనా అప్పగిస్తే..." అన్నాను.

"ఇంకెవరున్నారమ్మా? ఉన్నది నువ్వొక్కదానివి. చుట్టమైతే ఇంకా శ్రద్ధగా చెప్తావు" అన్నారాయన.

అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది బావే. స్కూలు లేని రోజున డిపోకి తీసుకెళ్ళి ఇంజను కింద పడుకోబెట్టి, "ఇదేంటి, అదేంటి" అని అడిగేవాడు. నేనివాళ ఇక్కడ ఉన్నానంటే ఆ ఇంజన్ల వల్లే. మంచిదే. ఇప్పుడు నేను నేర్పుతాను. ఇందులో కంగారు పడాల్సిందేముంది.

జనవరి 13

బావ ముందు వరసలో కూర్చున్నాడు. నేను లోపలికి రాగానే లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నాడు. గది గదంతా నవ్వింది. పక్కన అతని జోడీదారు ఉన్నాడు. డిపోలో అందరూ అతన్ని గ్రీజు అంటారు. పెళ్ళిపీటల మీద కూడా గోళ్ళల్లో గ్రీజు ఉందట.

మొదటి పాఠం బ్యాటరీ పెట్టె మూత విప్పడం. ముందు బస్సు తాళంచెవి తీయాలి. ప్లగ్గు లాగాలి. ఎవరూ మళ్ళీ పెట్టకుండా దానికి తాళం వేసి, చెవి జేబులో వేసుకోవాలి. తర్వాత ఆగాలి. లోపల నిలిచిన కరెంటు పోయేదాకా ఆగి, మీటరుతో రెండు చోట్ల కొలిచి, రెండింట్లోనూ సున్నా చూశాకే మూత ముట్టుకోవాలి.

"ఆగడమంటే ఊరికే నిలబడటమేనా?" అని బావ అడిగాడు.

"ఊరికే నిలబడటమే."

"డిపోలో ఊరికే నిలబడితే ఫోర్‌మన్ తిడతాడు మేడం. డీజిలు బండి ఆగితే చెవికి తెలుస్తుంది. ఇది ఆగినా ఒకటే, ఆగకపోయినా ఒకటే. దొంగ బండి."

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను.

జనవరి 17

తరగతిలో మేం వాడే బ్యాటరీ పెట్టె ఉత్తుత్తిది. లోపల కరెంటు ఉండదు, గంట ఉంటుంది. తొందరపడి చెయ్యి పెడితే మోగుతుంది. బావ చేతికి మోగింది.

"పోయావన్నా" అన్నాడు గ్రీజు.

"ఆలస్యం అమృతం విషం అన్నారు కదరా" అన్నాడు బావ.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు" అన్నాను నేను.

"రెండూ పెద్దలే అంటే మాలాంటివాళ్ళు ఎవరి మాట వినాలి మేడం?"

రెండోసారీ మోగింది. ఈసారి బావ నవ్వలేదు.

జనవరి 19, ఆదివారం

అక్కా వాళ్ళింటికి వెళ్ళాను. అక్క డిపోలోనే సీట్లు కుడుతుంది. ఈ మార్పు ఆమెను తాకలేదు. "డీజిలు బస్సయినా కరెంటు బస్సయినా జనం కూర్చునేది నా సీటు మీదే" అంటుంది. బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఎలా చేస్తున్నారు ఆయన?"

"బాగానే."

జనవరి 24

గంట మోగింది.

జనవరి 28

క్లాసు అయ్యాక బావని ఉండమన్నాను. ఇద్దరమే. ఒక్కో మెట్టూ నేను చెప్తుంటే తను చేశాడు. గంట మోగలేదు. మళ్ళీ చేయించాను. ఈసారి నేనేమీ చెప్పలేదు. ప్లగ్గు లాగి తిన్నగా మూత మీదకే వెళ్ళిపోయాడు.

చేతులు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "నాకు అర్థం కాక కాదు చిట్టీ. నువ్వు చెప్తుంటే అంతా తెలుస్తుంది. చెయ్యే నా మాట వినదు. ఇన్నేళ్ళూ అది ఎంత తొందరగా చేస్తే అంత మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆగమంటే దానికేం తెలుస్తుంది?"

నేర్చుకుంటాడు. చేతి అలవాటు ఒక్కరోజులో పోదు కదా. మొదటి బ్యాచ్‌లోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారు. ఉన్నారనే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 3

మంత్రిగారు వస్తున్నారు. మా డిపో మెకానిక్కులందరికీ ఆయన చేతుల మీదుగా సర్టిఫికెట్లు ఇస్తారట. డిపో మొత్తం కొత్త విద్య నేర్చుకోవడం దేశంలో ఇదే మొదటిసారని టీవీలో చెప్తారట. గేటుకి బ్యానరు కూడా కట్టేశారు. "ఒక్కరూ వెనకబడని దేశం."

డైరెక్టర్ గారు గదిలోకి పిలిచి తలుపు వేశారు. "ఒత్తిడి పెడుతున్నానని అనుకోకు. కానీ అందరూ పాసవ్వాలి."

"ఎవరైనా సిద్ధంగా లేకపోతే సర్?"

"సిద్ధంగా లేనివాళ్ళని సిద్ధం చెయ్యడానికే కదమ్మా నిన్ను పెట్టింది."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అదే నన్ను భయపెడుతోంది.

ఫిబ్రవరి 10

అక్క కేంద్రానికి వచ్చింది. ఎప్పుడూ రాదు. వర్క్‌షాపు బయట నీడలో నిలబడి మాట్లాడుకున్నాం.

"పాసవ్వనివాళ్ళని మిగులు సిబ్బంది అంటారటగా" అంది.

"అంటారు. పని నుంచి తీసెయ్యరు. వేరే పని ఇస్తారు."

"ఏ పని? గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారట. ఆయన లోపలికి వచ్చే బస్సుకి గేటు తీసి, బయటికి పోయే బస్సుకి గేటు తీసి... నేను రోజూ ఆ గేటులోంచే వెళ్ళాలి కదే."

అక్క సంచి భుజానికి తగిలించుకుంది.

"నేనేమీ అడగట్లేదు. ఊరికే చెప్తున్నా" అని వెళ్ళిపోయింది.

ఏమీ అడగలేదు. నిజమే.

ఫిబ్రవరి 14

పరీక్ష అయిపోయింది. అందరూ పాసయ్యారు.

బావ మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. తాళంచెవి తీశాడు. ప్లగ్గు లాగాడు, తాళం వేశాడు, చెవి జేబులో వేసుకున్నాడు. అన్నీ సరిగ్గానే చేశాడు. తర్వాత చెయ్యి మూత వైపు వెళ్ళింది. మీటరు బల్ల మీద ఉంది. నేను మీటరు వైపు చూశాను. బావ నా ముఖం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, కాసేపు ఆగి, మీటరు తీసి రెండు చోట్లా కొలిచాడు. సున్నా. మూత విప్పాడు. గంట మోగలేదు.

నేను నోరు తెరవలేదు. చూశానంతే. బల్ల మీద ఏముంటే అది కంటికి కనపడుతుంది కదా.

ఫిబ్రవరి 15

చూశానంతే.

ఫిబ్రవరి 20

మంత్రిగారు వచ్చారు. అందరికీ కొత్త నీలం చొక్కాలు ఇచ్చారు. బావ పేరు పిలిచినప్పుడు అక్క చప్పట్లు కొట్టడం మర్చిపోయి అలాగే చూస్తూ ఉండిపోయింది. "మన కార్మికుడు ఇవాళ ప్రపంచంలో ఎవరికీ తీసిపోడు" అన్నారు మంత్రిగారు. ఫొటోకి నన్నూ పైకి పిలిచారు. బావ నా పక్కన నిలబడి, సర్టిఫికెట్ నాకు కనపడేలా కాస్త పక్కకి తిప్పి పట్టుకున్నాడు. కింద నా సంతకం ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

అక్క భోజనానికి పిలిచింది. సర్టిఫికెట్‌కి అప్పుడే అద్దం కట్టించి హాల్లో పెట్టారు. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. సరిగ్గా తినట్లేదని అక్క కోప్పడింది.

ఫిబ్రవరి 27

పగలు ఫోన్ మోగితే చాలు, డిపో నుంచేనేమో అనిపిస్తోంది. ఇవాళ చూస్తే గ్యాస్ సిలిండరు వాళ్ళు.

డిపో దగ్గర పని కల్పించుకుని వెళ్ళాను. గ్రీజు కనిపిస్తే, మామూలుగా అడిగినట్టు అడిగాను, "మా బావ మీటరు వాడుతున్నాడా?"

"ఎందుకు వాడడు? దాన్ని పెట్టె మీద పెట్టుకుని, దాని పక్కనే కూర్చుని కబుర్లు చెప్తాడు" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా బాగానే ఉంది. తర్వాత అనిపించింది, పెట్టె మీద పెట్టుకోవడం వేరు, కొలవడం వేరు.

మార్చి 5

పక్క డిపో నుంచి వచ్చిన మూడో బ్యాచ్‌కి పాఠం చెప్తూ మధ్యలో మాట ఆగిపోయింది. ఎక్కడిదాకా చెప్పానో తెలియలేదు. "ఆగాలి అన్నారు మేడం" అని వెనక నుంచి ఎవరో అందించారు.

బావకి ఇన్ని రోజులై ఏమీ కాలేదు. అంటే నేర్చుకున్నట్టే. పనిలో పడితే అదే వస్తుంది.

మార్చి 11

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "డిపోలో... కాలిపోయిందే..." ఆ మాట తర్వాత నాకేమీ వినపడలేదు.

"బావేనా?" అన్నాను.

"కాదు. గ్రీజు. చెయ్యి కాలింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు."

అమ్మయ్య అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకోవడం కాదు, పైకే అన్నాను. అక్క వినే ఉంటుంది. రాశాను కాబట్టి ఇక కొట్టెయ్యను.

మార్చి 12

ఆసుపత్రికి వెళ్ళాను. చెయ్యంతా కట్టు. కనుబొమలు కాలిపోయాయి. కళ్ళకి ప్రమాదం లేదన్నారు డాక్టరు. వేళ్ళు ఎంతవరకు పనిచేస్తాయో ఇప్పుడే చెప్పలేమన్నారు. గ్రీజు భార్య కుర్చీ నాకిచ్చి తను నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు.

"రబ్బరు గ్లవ్స్ వేసుకోలేదని నా మీద రాశారు మేడం" అన్నాడు గ్రీజు. "నిజమే, వేసుకోలేదు. అన్న ప్లగ్గు లాగి 'చచ్చింది, విప్పు' అన్నాడు. చచ్చినదానికి గ్లవ్స్ ఎందుకులే అనుకుని పానా పెట్టాను. అంతే, తెల్లగా ఒక మెరుపు."

"మీ అన్న మీటరు పెట్టి చూడలేదా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఈ మాట ఎవరికైనా చెప్పారా?"

"అన్న పేరు ఎలా చెప్తాను? అయినా నాదీ పొరపాటే. అన్నకి సర్టిఫికెట్ ఉంది కదా, చూసుకునే చెప్పుంటాడనుకున్నా. మీరిచ్చిందే కదా మేడం."

అతను నన్ను దెప్పిపొడవలేదు. నమ్మకంగానే అన్నాడు.

మార్చి 13

డైరెక్టర్ గారు ఊపిరి పీల్చుకుంటున్నారు. "గ్లవ్స్ లేవట. సిబ్బంది నిర్లక్ష్యం. శిక్షణలో లోపం లేదని రాసి పంపేశాను." కార్మికుడి తప్పయితే పరిహారం రాదు, జీతం లేని సెలవు. ఆ విషయం ఆయన తనంతట తాను చెప్పలేదు. నేను అడిగితే చెప్పారు.

సోమవారం డిపోలో విచారణ.

మార్చి 14

నేను చెప్తే నా ఉద్యోగం పోవచ్చు. బావది పోతుంది. కేంద్రం మూసేస్తే మూడో బ్యాచ్ వాళ్ళ సంగతేంటి? ఇలా ఆలోచిస్తుంటే అంతా వాళ్ళ కోసమే నోరు మూసుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఎంత బాగుంటుందో ఆ ఆలోచన.

మార్చి 16, ఆదివారం

అక్కా వాళ్ళింటికి వెళ్ళాను. బావ గడ్డం గీసుకోలేదు. మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను.

"రేపు విచారణలో చెప్పేస్తాను. పరీక్ష రోజున బావ చెయ్యి మూత మీదకి వెళ్ళింది. నేను మీటరు వైపు చూసి అందించాను. పాస్ చెయ్యకూడని మనిషిని పాస్ చేశాను."

అక్క చేతిలో గ్లాసు కింద పెట్టింది. "చూడటం కూడా చెప్పడమేనా? ఎవరడిగారు నిన్ను? ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. బావకి తెలుసు."

"నిన్ను కన్నకూతురిలా చూసుకున్న మనిషినే గేటు దగ్గర కూర్చోబెడతావా? నువ్వు చదివిన చదువంతా ఇందుకేనా?"

"అక్కా, గ్రీజుకి చెయ్యి కాలింది. తప్పు అతనిదేనని రాశారు."

"దానికి ఆయన మాత్రం ఏడవట్లేదా? అన్నం ముట్టుకుని ఎన్ని రోజులైందో అడుగు."

బావ అప్పుడు మాట్లాడాడు. "దాన్ని ఏమనకు. అది చూస్తుందని నాకు ముందే తెలుసు. మూత దగ్గర ఆగి దాని ముఖం వెతికాను. అది నా కోసం చూసింది, నేను దాని కోసం చూశాను. మధ్యలో వాడి చెయ్యి కాలింది."

అక్క లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను వచ్చేస్తుంటే బావ గుమ్మం దాకా వచ్చాడు.

మార్చి 17

బస్‌స్టాపులో బావ ఉన్నాడు. నీలం చొక్కా కాదు, పాతది. బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నాడు. డిపో వచ్చేముందు అన్నాడు.

"నాది నేను చెప్తా. నీది నువ్వు చెప్పు. ఒకళ్ళది ఒకళ్ళం మొయ్యొద్దు."

విచారణ గదిలో పెద్ద బల్ల, నలుగురు అధికారులు, మా డైరెక్టర్ గారు. బావ ముందు మాట్లాడాడు. "ప్లగ్గు లాగాను. ఆగలేదు, కొలవలేదు. చచ్చిందని నేనే చెప్పాను. వాడు నా మాట నమ్మాడు." నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

తర్వాత నేను చెప్పాను. డైరెక్టర్ గారు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. ఒక అధికారి అడిగారు, "మీరు చూసినంత మాత్రాన ఆయనకి సాయం చేసినట్టు ఎలా అవుతుందమ్మా?"

"నేను చూడకపోతే గంట మోగేది సర్" అన్నాను.

బయటికి వచ్చాను. మెట్ల మీద కూర్చున్నాను. బావ కొంచెం దూరంలో, ఇంకో మెట్టు మీద కూర్చున్నాడు. తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదు.

మార్చి 28

ఉత్తర్వు వచ్చింది. నేను పరీక్షలు పెట్టకూడదు. పాఠం చెప్పొచ్చు, చెప్పేవాళ్ళు వేరే లేరు కాబట్టి. బావ సర్టిఫికెట్ రద్దు. గ్రీజుకి పరిహారం, జీతంతో సెలవు. మా రెండో బ్యాచ్ మొత్తానికి వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళు మళ్ళీ పరీక్ష పెడతారు. ఆ మాట తెలిశాక డిపోలో సగం మంది నాతో మాట్లాడట్లేదు. అక్క సరేసరి.

ఏప్రిల్ 4

బావ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడట. అక్క వెనక గేటు నుంచి వెళ్తోందట. గ్రీజు భార్య చెప్పింది.

ఏప్రిల్ 16

రాజధాని నుంచి అన్ని కేంద్రాలకూ కొత్త నియమం వచ్చింది. పాఠం చెప్పినవాళ్ళు ఇక పరీక్ష పెట్టకూడదు. చుట్టరికం ఉంటే ముందే రాసివ్వాలి. ఒకే ఒక్క పేరా. మా ఊసు అందులో ఎక్కడా లేదు. దేశంలోని పనివాళ్ళందరి కోసం అంత లావు విధానం రాసినప్పుడు ఈ రెండు వాక్యాలు ఎవరికీ తట్టలేదు. జనవరిలో నాకూ తట్టలేదు. తట్టింది, "ఇంకెవరికైనా అప్పగిస్తే" అని సగం మాట అని ఊరుకున్నాను.

ఏప్రిల్ 21

నాలుగో బ్యాచ్ మొదలైంది. చివరి బెంచీలో బావ. గేటు డ్యూటీ మార్పించుకుని వచ్చాడట. ఎవరూ పంపలేదు, తనే అడిగి పేరు రాయించుకున్నాడు. లేచి నిలబడలేదు, జోకులు వెయ్యలేదు. ఉత్తుత్తి పెట్టె దగ్గరికి పిలిస్తే వచ్చి చేశాడు. గంట మోగింది. అందరికంటే ముందు నా గుండెలో మోగింది.

మే 8

గ్రీజు వచ్చి కనపడ్డాడు. చూపుడువేలు వంగడం లేదు. మిగతావి పర్వాలేదు. డిపోలో అతనికి పనిముట్ల గది అప్పగించారు. ఇనప పానాలు తీసేసి, ప్లాస్టిక్ తొడుగున్నవి తెప్పించాడట. బావ రోజూ అతని దగ్గరికి వెళ్ళి కూర్చుంటున్నాడని చెప్పాడు.

"ఏం మాట్లాడుకుంటారు?"

"ఏముంది మేడం. మొదట్లో ఏమీ లేదు. ఇప్పుడు తిట్టుకుంటున్నాం. అంటే బాగయినట్టే."

మే 22

ఈ వారమంతా బావ చేతికి గంట మోగలేదు. నాకు నమ్మకం కలగట్లేదు. మోగలేదు కాబట్టి నేర్చుకున్నాడని ఇంతకుముందూ ఒకసారి అనుకున్నాను.

జూన్ 6

ఇవాళ బావ పరీక్ష. వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ పెడుతోంది. నేను లోపలికి వెళ్ళకూడదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి అక్క వచ్చింది. నన్ను చూసి ఆగి, బెంచీ ఆ చివర కూర్చుంది. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత ఖాళీ. తలుపు వెనక ఏ శబ్దమూ లేదు. గంట మోగుతుందేమోనని చెవులు రిక్కించి, మోగకపోతే ఎందుకు మోగట్లేదోనని భయపడ్డాను.

చాలాసేపటికి బావ బయటికి వచ్చాడు. ముఖం చెమటతో తడిసిపోయింది.

"పోయింది" అన్నాడు.

అక్క లేచి నిలబడింది. "మళ్ళీ గంట మోగిందా?"

"మోగలేదు. అన్నీ చేశాను. ఆగాను. కొలిస్తే సున్నా వచ్చింది. రెండు చోట్ల కొలవాలని గుర్తుంది, రెండోది ఎక్కడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చచ్చిందో లేదో నాకు తెలియట్లేదండీ, నేను విప్పను అని చెప్పాను. విప్పకపోతే మార్కులు రావు అందావిడ. రాకపోతే పోనీ, విప్పనన్నాను. టైమ్ అయిపోయింది."

బావ నా వైపు తిరిగాడు.

"కోపమొచ్చిందా చిట్టీ?"

తల అడ్డంగా ఊపాను.

అక్క ఆయన చేతుల వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత మూడు నెలల్లో మొదటిసారి నాతో మాట్లాడింది.

"మళ్ళీ కొత్త బ్యాచ్ ఎప్పుడు?"

"సోమవారం."

"పాఠం చెప్పేది నువ్వేనా?"

"నేనే."

"అయితే ఆ రెండోది ఎక్కడో ఈసారి గట్టిగా చెప్పు" అంది.